చీకటి ప్రాంతంలో టెలిస్కోపు, ఇంట్లో మనం

ప్రశ్న: నగరంలో ఇంటి మేడ మీద నుంచి గెలాక్సీల ఫొటోలు తీస్తుంటాను. చుట్టూ వెలుతురు ఎక్కువ కావడంతో మసకగా ఉండేవి దక్కడం లేదు. టెలిస్కోపును చీకటి ప్రాంతంలోని అబ్జర్వేటరీలో అద్దెకు ఉంచి, ఇంటర్నెట్ ద్వారా నడపవచ్చని విన్నాను. దానివల్ల నిజంగా అంత ప్రయోజనం ఉంటుందా? పంపే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: గెలాక్సీలే మీ ఆసక్తి అయితే ప్రయోజనం చాలా పెద్దది. ఆకాశపు నేపథ్య వెలుతురును చదరపు ఆర్క్ సెకనుకు (ఆకాశంలో ఒక అతి చిన్న చదరానికి) ఇన్ని మాగ్నిట్యూడ్లని (ఖగోళ శాస్త్రంలో వెలుగు కొలమానం) కొలుస్తారు; అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. పెద్ద నగరంలో అది సుమారు 18 ఉంటే, మేలైన చీకటి ప్రదేశంలో 22కు దగ్గరగా ఉంటుంది. ఈ 4 మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుతురులో దాదాపు 40 రెట్ల తేడా. మసక గెలాక్సీ ఫొటోలో నాయిస్ (చిత్రంలో కనిపించే గరుకుదనం) ఎక్కువగా ఈ నేపథ్యం నుంచే వస్తుంది కాబట్టి, అక్కడ ఒక గంటలో దక్కే నాణ్యత కోసం నగరంలో సుమారు 40 గంటలు తీయాల్సి వస్తుంది. అయితే హైడ్రోజన్ ఆల్ఫా వంటి నారోబ్యాండ్ ఫిల్టర్లతో (ఒక సన్నని రంగు పట్టీని మాత్రమే లోపలికి వదిలేవి) నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు మేఘాలు) తీసేవారికి ఈ తేడా బాగా తగ్గుతుంది. వారికి ఇంటి మేడే చాలావరకు సరిపోతుందని నా అభిప్రాయం.

దూరం నుంచి నడపడం కొత్తేమీ కాదు. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచి ఉపగ్రహ అనుసంధానంతో నడుపుతున్నారు. అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. మీ పరికరం దగ్గర మాత్రం చాలా రాత్రులు ఎవరూ ఉండరు. అందుకే చేత్తో తాకితే తప్ప సరికాని పని ఒక్కటి కూడా మిగలకుండా చూసుకోవాలి.

హోస్టింగ్ కేంద్రాన్ని అద్దె గురించి అడగడానికి ముందే పైకప్పు గురించి అడగండి. చాలాచోట్ల పక్కకు జరిగే ఒకే కప్పు కింద పలువురి టెలిస్కోపులు ఉంటాయి. వాన చినుకు సెన్సర్‌కు తగలగానే కప్పు మూసుకోవాలి, కానీ ఆ క్షణాన మీ టెలిస్కోపు నిటారుగా ఉండి కప్పు దారికి అడ్డొస్తే రెండూ దెబ్బతింటాయి. టెలిస్కోపు వాలి పార్క్ అయిందని, అంటే కప్పుకు అడ్డురాని విశ్రాంతి స్థానానికి చేరిందని, మౌంట్ (టెలిస్కోపును మోస్తూ తిప్పే పీఠం) సాఫ్ట్‌వేర్ చెప్పే మాట ఒక్కటే చాలదు, ఆ సంగతిని విడిగా గుర్తించే సెన్సర్ ఉండాలి. అది లేని కేంద్రానికి నేనైతే పరికరం పంపను. ఎవరి టెలిస్కోపైనా పార్క్ కాకపోతే కప్పు ఆగుతుందా, మూసుకుంటుందా అన్నది కూడా ఒప్పందంలో రాయించుకోండి.

మిగతావి మీ చేతిలోనివి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ దానంతటదే ఆన్ కావాలి. మౌంట్, కెమెరా, ఫోకసర్ (ఫోకస్ సరిచేసే మోటారు)లలో దేన్నైనా విడిగా ఆపి మళ్లీ వెలిగించే స్విచ్ ఉండాలి. మౌంట్ తిరిగేటప్పుడు ఏ కేబులూ లాగకూడదు. ఫ్లాట్ ఫ్రేముల (ఫొటోలోని వెలుగు హెచ్చుతగ్గులను, దుమ్ము మరకలను సరిచేయడానికి తీసేవి) ప్యానెల్, మంచు పట్టకుండా ఆపే హీటర్ కంప్యూటర్ ఆజ్ఞకు లోబడాలి. ఇవన్నీ మేడ మీదే అమర్చి, కనీసం కొన్ని వారాలు మరో గదిలో కూర్చుని, ఏం జరిగినా మెట్లెక్కకుండా నడపండి. ఆ వారాల్లో ఎన్నిసార్లు మెట్లెక్కాలనిపించిందో, అన్ని లోపాలు ఇంకా సరిచేయాల్సి ఉన్నట్టే.

ప్రశ్న: ఒక రాత్రికి ఎంత డేటా వస్తుంది? సాధారణ ఇంటర్నెట్ సరిపోతుందా?

జవాబు: 26 మెగాపిక్సెళ్ల 16 బిట్ కెమెరాలో ఒక్కో ఫ్రేము సుమారు 52 మెగాబైట్లు. 5 నిమిషాల ఎక్స్‌పోజర్లతో 8 గంటలు తీస్తే 96 ఫ్రేములు, అంటే సుమారు 5 గిగాబైట్లు. కేంద్రం వద్ద అప్‌లోడ్ వేగం నెమ్మదిగా ఉంటే పగటిపూట దించుకోండి. రాత్రి ఆ లైను టెలిస్కోపును నడపడానికి అవసరం. మబ్బు పట్టిన ఫ్రేములను, గైడింగ్ (నక్షత్రాన్ని కచ్చితంగా వెంబడించడం) తప్పినవాటిని అక్కడి కంప్యూటర్‌లోనే తొలగిస్తే భారం ఇంకా తగ్గుతుంది.