తొలి జీతం పడేదాకా చేతిలో డబ్బు ఉండాలి: అప్పు చేసి ఊళ్లు తిరగొద్దు

పాఠకుడు రాసింది క్లుప్తంగా ఇది. తొమ్మిదేళ్లు నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసి మానేశారు. భార్య, ఆరేళ్ల పాపతో ఏడు నెలలు వియత్నాం నుంచి పెరూ దాకా తిరిగి, రెండు వారాల క్రితం హైదరాబాద్ వచ్చేశారు. ఇప్పుడు కన్యాకుమారి నుంచి శ్రీనగర్ వరకు కారులో వెళ్తూ, దారిలో మదురై, బెంగళూరు, నాగ్‌పూర్, గ్వాలియర్, ఢిల్లీ, జలంధర్‌లో స్థిరపడిన పాత మిత్రులందరినీ కలవాలని రెండు నెలల ప్లాన్ వేసుకున్నారు. ఉద్యోగం వెతకడం ఆ తర్వాతే. సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలున్నాయి. ఎన్ఆర్ఐలు విదేశీ కరెన్సీలో వేసే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌లో 14 లక్షలకు సమానమైన డబ్బుంది, అది వేసి తొమ్మిది నెలలైంది. ఈక్విటీ ఫండ్లలో 22 లక్షలు. ఫ్లాట్ ఈఎంఐ నెలకు 38,000, ఇంటి ఖర్చు మరో 45,000. సేవింగ్స్‌లో ఉన్న 4 లక్షలతో పాత ఎస్‌యూవీ ఒకటి కొంటారట. దారి ఖర్చులకు ఒక మిత్రుడు తన పేరు మీద 5 లక్షల పర్సనల్ లోన్ తీసి ఇస్తానన్నాడట, వడ్డీ 14 శాతం, మూడేళ్ల గడువు. ‘ఈ లోన్ మంచిదా, లేక ఫండ్స్ తాకట్టు పెట్టి లోన్ తీసుకోవడం మంచిదా?’ అన్నది ఆయన ప్రశ్న.

రెండూ వద్దండి. ఇలాంటి ప్రశ్న నాకు చాలా తరచుగా వస్తుంది, కాబట్టే అందరూ చదివేలా జవాబు రాస్తున్నాను. విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉన్నదంతా ఒకచోట కూడి చూసుకుంటారు. మీ విషయంలో అది 40 లక్షలు. అంత ఉన్నప్పుడు రెండు నెలలు తిరిగితే ఏమవుతుంది అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ 40లో రేపు ఉదయం అవసరమైతే చేతికొచ్చేది 4 లక్షలే, ఆ నాలుగూ మీరు కారుకు పెట్టేస్తున్నారు. మీకు ఆస్తి ఉంది, అత్యవసర నిధి మాత్రం రూపాయి కూడా లేదు. జీతం వచ్చే రోజుల్లో ఈ లోటు బయటపడదు, ఒకటో తారీఖు వచ్చి కాపాడేస్తుంది. మీకిప్పుడు ఆ ఒకటో తారీఖే లేదు.

లెక్క వేద్దాం. రెండు నెలలు ప్రయాణం. వచ్చాక ఉద్యోగం దొరకడానికి మూడు నాలుగు నెలలు అనుకోండి, చేరాక మొదటి జీతానికి ఇంకో నెల. మొత్తం ఏడు నెలలు, నెలకు 83,000 చొప్పున 5,81,000. మీరు శ్రీనగర్‌లో ఉన్నా ఈఎంఐ హైదరాబాద్‌లో కట్ అవుతూనే ఉంటుంది, పాప స్కూల్ ఫీజు ఆగదు. దీనికి మిత్రుడి లోన్ కలపండి: 5 లక్షలు, 14 శాతం, 36 నెలలు అంటే నెలకు దాదాపు 17,100. అది వచ్చే నెల నుంచే మొదలు, మీకు ఉద్యోగం వచ్చేదాకా బ్యాంకు ఆగదు. అంటే ఆదాయం సున్నా ఉన్న నెలల్లో మీ ఖర్చు లక్ష దాటుతుంది. మూడేళ్లలో ఒక్క వడ్డీయే 1,15,000 పైన. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే, జీఎస్టీతో కలిపి ఇంకో 11,800. ఫండ్స్‌లో 12 శాతం వస్తుంటే ఎందుకు అమ్మాలి అని రాశారు. ఆ 12 వస్తుందన్నది మీ ఆశ, ఈ 14 కట్టాల్సిందన్నది మీ మిత్రుడి సంతకం. ఈ రెండూ ఒకటి కావు.

ఆ సంతకం గురించి ఇంకొక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఉత్తరంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. బ్యాంకుకు మీరెవరో తెలియదు. మీరు ఒక్క నెల ఆలస్యం చేస్తే దెబ్బ తినేది ఆయన సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతారో లేదో బ్యాంకులు చూసే మార్కు. ఏడాది తర్వాత ఆయన ఇల్లు కొనుక్కోవాలంటే ఈ ఈఎంఐ ఆయన అర్హతలోంచి తీసేస్తారు. ఆయన భార్యకు ఈ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. కలవడానికి వెళ్తున్న మనిషి మీదే అప్పు వేసి, ఆయన ఇంట్లోనే రెండు రోజులు ఉండి వస్తామంటున్నారు. ఆయన మంచితనంతో ఇస్తానన్నారు, మీరు వద్దనాలి. దయచేసి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

ఫండ్స్ మీద లోన్ వడ్డీ తక్కువే, కానీ మార్కెట్ పడిన రోజున బ్యాంకు అదనపు డబ్బు కట్టమంటుంది, మీరు అప్పుడు ఏ టోల్ ప్లాజా దగ్గరో ఉంటారు. క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం కూడా దాటొచ్చు, కార్డుతో ఏటీఎంలో తీస్తే తొలిరోజు నుంచే వడ్డీ. వీటి గురించి ఇంతకంటే మాట్లాడను.

మీలాగే తిరిగొచ్చిన ఒక కుటుంబం సంగతి చెప్తాను, నా దగ్గర సలహా తీసుకునేవాళ్లే. నాగ్‌పూర్ దాటాక రాత్రి ఆ ఇంటాయన భార్యకు కడుపునొప్పి మొదలై, రెండింటికి ఆస్పత్రికి చేరారు. అపెండిసైటిస్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. కౌంటర్‌లో 80,000 అడ్వాన్సు అడిగారు. క్రెడిట్ కార్డు లిమిట్ హోటళ్లకే అయిపోయింది. విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతాలో తొమ్మిది లక్షలున్నాయి, యాప్ తెరిచారు, ట్రాన్స్‌ఫర్ నొక్కారు, ఓటీపీ రావాలి. అది వెళ్లింది విదేశీ నంబరుకు. ఆ సిమ్ ఇండియా రాగానే ఆపేశారు. కౌంటర్ ముందు నిలబడి పదిసార్లు ‘రీసెండ్’ నొక్కానని తర్వాత ఆయనే నాతో చెప్పారు, పాప ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోతోందట. చివరికి ఊళ్లో ఉన్న బావమరిదిని నిద్రలేపితే ఆయన పంపారు. ఆ రాత్రి తొమ్మిది లక్షలు ఉన్న మనిషి ఆయన.

అందుకే అత్యవసర నిధి అంటే ఎంత ఉంది అన్నదొక్కటే చూడను, రాత్రి రెండింటికి ఎంత కదులుతుంది అని అడుగుతాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు జీతం లేదు, చిన్న పాప ఉంది, హోమ్‌లోన్ ఉంది, కాబట్టి తొమ్మిది నెలలు. 83,000 చొప్పున 7,47,000, ఏడున్నర లక్షలు అనుకోండి. ఇందులో ఈఎంఐ కూడా ఉంది, దాన్ని వదిలేసి లెక్కకట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. రెండు లక్షలు సేవింగ్స్‌లో ఉంచండి, అందులో ఒక లక్ష మీ భార్య పేరు మీది ఖాతాలో, వేరే బ్యాంకులో, వేరే ఫోన్ నంబరుతో. మిగతా ఐదున్నర స్వీప్ ఇన్ డిపాజిట్‌లోనో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, అవసరమైనప్పుడు దానంతటదే కదిలే ఎఫ్‌డీ), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే, రిస్క్ తక్కువ ఫండ్). ఈ డబ్బు ట్రిప్‌ది కాదు. జమ్మూ, శ్రీనగర్ మధ్య రాంబన్ దగ్గర కొండచరియలు పడి రోడ్డు రోజుల తరబడి మూసేయడం మామూలే, అలా చిక్కుకుని నాలుగు రోజులు హోటల్లో ఉండాల్సి వస్తే ఆ ఖర్చు కూడా ట్రిప్ బడ్జెట్‌లోంచే రావాలి, ఈ నిధి తాకకూడదు.

డబ్బు ఎక్కడినుంచి అంటారా? మీ ఫండ్స్‌లోంచే. 6 లక్షలు అమ్మండి. మూడున్నర లక్షలు ఇప్పుడున్న నాలుగుకి కలిస్తే అత్యవసర నిధి పూర్తవుతుంది, రెండున్నర ట్రిప్‌కు. అమ్మిన దాంట్లో దీర్ఘకాలిక లాభం రెండున్నర లక్షలు అనుకుందాం. ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, మిగతా 1.25 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 16,250. మిత్రుడి లోన్ వడ్డీతో పోల్చి చూడండి ఇది. అయితే అమ్మే ముందు ఫండ్స్‌లో మీ కేవైసీని ఎన్ఆర్ఐ నుంచి రెసిడెంట్‌గా మార్పించండి. లేకపోతే లాభం మీద పన్నును (టీడీఎస్) ముందే కోసేస్తారు, అది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

ఎఫ్‌సీఎన్ఆర్ ముట్టుకోకండి. ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ అసలు రాదు, మీకు ఇంకా మూడు నెలలుంది. రెసిడెంట్ అయ్యాక కూడా గడువు తీరేదాకా దాన్ని అలాగే ఉంచుకోవచ్చు, తర్వాత ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు, అంటే తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీలోనే డబ్బు ఉంచుకునే ఖాతాకు మార్చుకోవచ్చు. ఎన్ఆర్ఈ సేవింగ్స్ ఉంటే మాత్రం బ్యాంకుకు చెప్పి రెసిడెంట్‌గా మార్పించుకోవాలి, తిరిగొచ్చేశాక అలా వదిలేయడానికి వీల్లేదు.

ఇక ఆరోగ్య బీమా. ‘కొత్త ఉద్యోగంలో కంపెనీది వస్తుంది కదా’ అని రాశారు. వస్తుంది, ఆరేడు నెలల తర్వాత. అప్పటిదాకా ముగ్గురికీ ఏ బీమా లేదు, విదేశాల్లో తీసుకున్న ట్రావెల్ పాలసీ ఇక్కడికొచ్చాక అయిపోయింది. ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, ఈ వారమే తీసుకోండి. పాలసీ మొదలయ్యాక తొలి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిమ్ ఇవ్వరు. పన్నెండో రోజు గ్వాలియర్‌లో పాపకు డెంగీ వస్తే మొత్తం మీ జేబులోంచే. అందుకని పాలసీ తీసుకున్న 31వ రోజు తర్వాతే బయల్దేరండి. మీ భార్య థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారని రాశారు, ప్రపోజల్‌లో అది తప్పకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం (వెయిటింగ్) మూడేళ్లకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది. దాచిపెడితే మాత్రం ఆ తర్వాత కూడా చిక్కే. రోడ్డు ప్రమాద బాధితులకు 1.5 లక్షల దాకా, ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025లో వచ్చింది, మంచిదే, కానీ అది ప్రమాదాలకే, జ్వరానికి పనికిరాదు.

పాత ఎస్‌యూవీ ఆలోచన మానుకోండి. కొని రెండు నెలల్లో అమ్మితే ఎంత తగ్గుతుందో మీకే తెలుసు. పేరు మారిన 14 రోజుల్లోపు బీమా కూడా మీ పేరుకు మార్పించుకోకపోతే కారుకు జరిగే నష్టానికి క్లెయిమ్ రాదు. మీ నాన్నగారి కారు ఇంట్లో ఉందని, చిన్నది కాబట్టి కొండలెక్కదేమో అని భయమని రాశారు. మీరు వెళ్లేది 44వ నంబరు జాతీయ రహదారి (ఎన్‌హెచ్ 44) మీద, శ్రీనగర్ దాకా చిన్న కార్లు రోజూ వెళ్తూనే ఉంటాయి. టైర్లు, బ్రేకులు మార్పించి, సర్వీస్ చేయించి తీసుకెళ్లండి. రానుపోను 8,000 కిలోమీటర్లు, లీటరుకు 15 వస్తే 533 లీటర్లు, లీటరు 105 అనుకుంటే 56,000. టోల్‌కు 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ చూడండి, జాతీయ రహదారుల మీద 200 టోల్ దాటింపులకు అప్పుడు 3,000 పెట్టారు.

ఒక్క జాగ్రత్త: కారు నాన్నగారిది కాబట్టి దాని పాలసీలో ఉండే 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా ఆయనకే, స్టీరింగ్ దగ్గరున్న మీకు కాదు. మీకు, మీ భార్యకు విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అది కూడా వెళ్లేలోపే.

అలాగే మీ ఉత్తరంలో చివర ఎక్కడో ఒక వాక్యం: ‘ఇండియా లైసెన్స్ పోయినేడు ఎక్స్‌పైర్ అయింది, పర్లేదనుకుంటా.’ పర్లేదు అనుకోకండి. చెల్లే లైసెన్స్ లేకుండా నడిపి ప్రమాదం జరిగితే కారు క్లెయిమ్ తిరస్కరిస్తారు, ఎదుటివాళ్లకిచ్చిన పరిహారం కూడా బీమా కంపెనీ మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. గడువు తీరి ఏడాది దాటకపోతే రెన్యువల్‌తో సరిపోతుంది, దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి. తేదీ ఇప్పుడే తీసి చూడండి.

ట్రిప్ మానేయమనడం లేదు. తొమ్మిదేళ్లుగా చూడని మిత్రుల్ని చూడాలనుకోవడం మంచి కోరికే, ఉద్యోగంలో చేరాక రెండు నెలల సెలవు ఎవరూ ఇవ్వరు కూడా. మీరు రెండు నెలలన్నది ఐదు వారాలు చేయండి, మిత్రుల ఇళ్లలోనే ఎక్కువ రాత్రులు గడపండి, రెండున్నర లక్షల్లో హాయిగా అవుతుంది. బయల్దేరడం ఒక నెల వెనక్కి జరుగుతుంది, ఆ నెలలో లైసెన్స్, పాలసీ వెయిటింగ్, కేవైసీ మూడూ అయిపోతాయి. ఆ ఖాళీలో రెజ్యూమె కూడా నాలుగైదు చోట్లకు పంపండి, ఇంటర్వ్యూలు చాలావరకు ఫోన్‌లోనే జరుగుతున్నాయి, జలంధర్‌లో ఉన్నా మాట్లాడొచ్చు.

అన్నిటికంటే ముందు, రేపు బ్యాంకు తెరవగానే వెళ్లి, ప్రతి ఖాతాలోనూ మీ విదేశీ నంబరు తీసేయించి ఇక్కడి నంబరు పెట్టించండి. అక్కడే నిలబడి ఒక వంద రూపాయలు మీ భార్య ఖాతాకు పంపి, ఓటీపీ ఏ ఫోన్‌కు వచ్చిందో చూసుకున్నాకే బయటికి రండి.