అమ్మడూ, ముందు చేతికి పని నేర్పు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

అమ్మడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీలాగే మెదడు మీద పరిశోధన చేస్తానంటోంది, కాస్త బుద్ధి చెప్పక్కా" అంది. మానిపించమందో, ముందుకు తొయ్యమందో నాకు అర్థం కాలేదు. అందుకని నేను నడిచిన దారిలో గోతులెక్కడున్నాయో రాస్తున్నాను.

జువాలజీ చదివానని బెంగ పెట్టుకోకు. నేనూ ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ నుంచి వచ్చినదాన్నే. నరంలో కరెంటు ఎలా పరుగెడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో లెక్క కట్టింది స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద. మన ఫిషింగ్ హార్బర్‌లో కుప్పలు పోసి అమ్మేవి దాని చుట్టాలే. ఆ నరం దాదాపు మిల్లీమీటరు లావుండబట్టి లోపలికి తీగ దూర్చగలిగారు. జంతువు సంగతి నీకు తెలుసు, తెలియనిది లెక్కలు. బైపీసీ తీసుకున్న రోజే లెక్కల పుస్తకం అటకెక్కిస్తాం కదా! ముప్పై దాటాక డిఫరెన్షియల్ ఈక్వేషన్లు నేర్చుకోవడానికి నేను పడ్డ సిగ్గు నువ్వు పడకు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు, పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా.

నెట్ (యు.జి.సి., సి.ఎస్.ఐ.ఆర్. పెట్టే జాతీయ అర్హత పరీక్ష) రాయి. అందులో జె.ఆర్.ఎఫ్. అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. చేతికెప్పుడు అందుతుందనేది వేరే సంగతి. నాకొకసారి ఏడు నెలలు రాలేదు, మెస్ బిల్లు మీ తాతయ్య కట్టారు.

బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్.సి.బి.ఎస్., ఐ.ఐ.ఎస్‌సీ., మానేసర్‌లో ఎన్.బి.ఆర్.సి., మెదడు పరిశోధన జరిగే ఈ సంస్థలన్నిటికీ పీహెచ్‌డీకి అప్లై చెయ్యి. సీటు వచ్చాక మాత్రం బోర్డు మీద పేరు చూసి చేరిపోకు. ఆ ల్యాబ్‌లో ఐదో ఏడాది పిల్లనెవరినైనా క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ ఇప్పించు. చివరిసారి ఇంటికెప్పుడు వెళ్లావు, మీ సీనియర్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, పరిశోధన పేపర్లో మొదటి పేరు ఎవరిది వేస్తారు అని అడుగు. నేను అడగలేదు. రెండేళ్లు రాత్రింబవళ్లు చేసిన పనికి నా పేరు మూడోది అయింది.

నాకు అన్నం పెట్టిన విద్య ప్యాచ్ క్లాంప్, అంటే ఒక్క కణంలో పారే కరెంటును కొలవడం. నెహర్, సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ తెచ్చిన పద్ధతి అది. గాజు గొట్టాన్ని వేడి చేసి లాగితే మొన ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా సన్నబడుతుంది. 300 మైక్రాన్ల మందం మెదడు ముక్కలో ఒక్క కణం మీదికి దాన్ని దించి, ట్యూబు నోట్లో పెట్టుకుని మెల్లగా పీలిస్తే కణం పొర గాజుకు అతుక్కోవాలి. నాలుగు నెలలు ఒక్కటీ అతుక్కోలేదు. హాస్టల్ బాత్‌రూమ్‌లో ఏడ్చేదాన్ని. తీరా అతుక్కున్నాక తెర మీద 50 హెర్ట్జ్ రొద! కరెంటు లైనుదేనని తెలుసు, ఏ మూల నుంచో తెలీదు. పదకొండు రోజులు ఒక్కో వైరూ పీకి చూస్తే, దొంగ పక్క గదిలో ట్యూబ్‌లైట్ చోక్. ఆ తర్వాత ఎవరి రిగ్ (ఈ ప్రయోగం చేసే పరికరాల బల్ల) మొండికేసినా నన్నే పిలిచేవారు. విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఇచ్చింది కూడా నా పేపర్లు చూసి కాదు, ఈ చేతి పని చూసే.

నువ్వేమో స్పృహ మీద పని చేస్తానంటున్నావట. చెయ్యి, కానీ పదేళ్లు ఆగి. ఇరవై రెండేళ్లకు అంత పెద్ద ప్రశ్న నెత్తికెత్తుకుంటే మాటలే మిగులుతాయి. మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారిని చూడు, చిన్న ప్రశ్న పట్టుకున్నారు. మద్రాసు స్టాన్లీలో డాక్టరీ చదివిన ఆయన, పోయిన చెయ్యి ఇంకా నొప్పెడుతోందనే వాళ్ల ముందు ఒక అద్దం పెట్టె పెట్టారు. ఉన్న చెయ్యి అద్దంలో పోయిన చెయ్యిలా కనిపించి, కొందరికి ఆ నొప్పి తగ్గింది. ఖర్చెంతని?

తిరిగొచ్చాక ఉద్యోగానికి మూడేళ్లు పట్టింది, మొదటి గ్రాంటు నాలుగోసారికి వచ్చింది. ఆ టెన్షన్ గురించి ఇప్పుడెందుకులే.

ఆదివారం పొద్దున్నే రా. మాంసం కొట్టు అతనికి మేక మెదడు చెప్పి ఉంచాను. జ్ఞాపకాలకు కీలకమైన భాగం హిప్పోకాంపస్, దాన్ని చిదరకుండా బయటికి తీయి చూద్దాం. మీ అమ్మకు మాత్రం కూరకని చెప్పు.

నీ పెద్దమ్మ