అండమాన్ బీచ్‌కి వెళ్లేముందు తిథి చూసుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అండమాన్ గురించే. జవాబులకి ముందు ఒక్క మాట. పోర్ట్ బ్లెయిర్ ఇప్పుడు శ్రీవిజయపురం (2024 నుంచి), హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ శహీద్ ద్వీప్ (2018 నుంచి). అక్కడి టాక్సీవాళ్ల నోట ఇంకా పాత పేర్లే వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

ప్రశ్న: మా అక్కావాళ్లు నీల్‌లో నేచురల్ బ్రిడ్జి చూడ్డానికి వెళ్తే దారి అంతా నీళ్లట, దగ్గరికి పోలేకపోయారు. హేవ్‌లాక్‌లో రిసార్టు ముందేమో పొద్దున్నే చూస్తే సముద్రమే లేదట, అంతా రాళ్లట. మేం జనవరిలో వెళ్తున్నాం. ఇలా కాకుండా ఏం చేయాలి?
– ఎస్.వి., కాకినాడ

జవాబు: మీ అక్కావాళ్లు పోటు (నీరు ఎక్కే వేళ) మీద వెళ్లాల్సిన చోటికి పాటు (నీరు తీసే వేళ) మీద, పాటు మీద వెళ్లాల్సిన చోటికి పోటు మీద వెళ్లారు. బంగాళాఖాతం ఇవతలి ఒడ్డున కాకినాడలో ఉన్న మీకు ఆటుపోట్లు కొత్త కాదు. కాకపోతే అండమాన్‌లో పగడపు దిబ్బలు ఒడ్డుకి ఆనుకునే ఉంటాయి. అందుకే నీరు కాస్త తీసినా చాలా దూరం నేల బయటపడుతుంది.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య ఆరుంబావు గంటలు. ఇవాళ పాటు ఎన్నింటికి ఉంటే రేపు దానికి 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు ఎంత ఎత్తు ఎక్కి ఎంత దిగుతుందనేది తిథిని బట్టి ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యలకి పోర్ట్ బ్లెయిర్‌లో ఆ తేడా రెండు మీటర్ల దాకా పోతుంది. అసలు పెద్ద పోటూ పాటూ ఆ రోజున కాకుండా దాటాక పాడ్యమి, విదియల్లో వస్తాయి. అలాగే అష్టమి వెళ్లాక నవమి, దశముల్లో సముద్రం పెద్దగా కదలదు.

దీన్ని బట్టి రోజులు వేసుకోండి. నీల్‌లో లక్ష్మణ్‌పూర్-2 దగ్గరున్న ఆ రాతి వంతెనకి పౌర్ణమో అమావాస్యో వెళ్లిన రెండు మూడు రోజులు మంచివి. ఇంటర్నెట్‌లో పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక దొరుకుతుంది, నీల్‌కీ హేవ్‌లాక్‌కీ దాదాపు అదే సరిపోతుంది. పాటు వేళ ఎదురుగా 0.5 మీటర్ల దగ్గరగానో అంతకంటే తక్కువో అంకె ఉన్న రోజు ఎంచుకోండి. ఆ వేళకి గంట ముందే అక్కడ ఉండాలి, తర్వాత గంటలోపు వెనక్కి తిరగాలి. రాళ్ల మధ్య గుంటల్లో సముద్రపు దోసకాయలు (దోసకాయలా ఉండే ఒక జీవి), చిన్న చేపలు, పీతలు కనిపించేదీ అప్పుడే. వాటిని గైడు చేతిలో పెట్టి ఫొటో తీస్తానన్నా వద్దనండి. నాచు పట్టిన రాయి మీద హవాయి చెప్పులు నిలవవు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కావాలి.

హేవ్‌లాక్ తూర్పు ఒడ్డున గోవింద్ నగర్, విజయ్ నగర్ బీచ్‌ల మీద రిసార్టులు ఎక్కువ. అక్కడ ఈతకి నిండు పోటుకి అటో రెండు గంటలు, ఇటో రెండు గంటలు. పాటు మీద దిగితే చచ్చిన పగడం కాళ్లు కోసేస్తుంది. పడమటి ఒడ్డున రాధానగర్‌కి ఈ గొడవ లేదు. అడుగంతా ఇసుకే, పోటైనా పాటైనా దిగొచ్చు.

ప్రశ్న: రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడ్డానికి సాయంత్రం ఆరింటికి చేరుకుంటే చాలా?
– ఆర్., కరీంనగర్

జవాబు: చీకట్లో చేరతారు! గడియారం హైదరాబాద్‌దే గానీ అండమాన్ బాగా తూర్పున ఉంది. డిసెంబరులో ఐదింటికే పొద్దు గుంకుతుంది, సంక్రాంతి రోజుల్లో ఐదుంబావుకి. జెట్టీ నుంచి రాధానగర్ 12 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మూడున్నరకల్లా బీచ్‌లో ఉంటే స్నానమూ అవుతుంది, సూర్యాస్తమయమూ దక్కుతుంది. పొద్దు వాలగానే గార్డులు ఈల వేసి నీళ్లలోంచి పైకి రమ్మంటారు, వాళ్లతో వాదించకండి (ఎందుకో కింది జవాబులో ఉంది). సూర్యోదయానికి హేవ్‌లాక్‌లోనే ఉన్న కాలాపత్తర్ బీచ్. జనవరిలో ఐదుంముప్పావు లోపే ఉదయిస్తాడు కాబట్టి, టాక్సీని ముందు రాత్రే మాట్లాడుకోండి.

ప్రశ్న: అండమాన్ బీచ్‌లలో మొసళ్లు ఉంటాయని విన్నాం. నిజమా, భయపెట్టడానికి చెప్పేదా?
– కె.పి., విజయవాడ

జవాబు: నిజమే. ఉప్పునీటి మొసలి అండమాన్‌లో ఉంది, సముద్రంలోనూ ఈదుతుంది. 2010లో రాధానగర్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. అలాంటివి అరుదు, అందుకని సముద్రమే వద్దనుకోనక్కర్లేదు. తప్పించాల్సిన చోట్లు, వేళలు తెలిస్తే చాలు. మడ అడవులకి దగ్గరగా, వాగు సముద్రంలో కలిసే చోట, రాధానగర్ చివర నీల్స్ కోవ్ అనే ప్రశాంతమైన మడుగులో దిగొద్దు. ఆ మడుగు అద్దంలా ఉంటుంది, పిల్లల్ని దింపాలనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెప్పడం. తెల్లవారుజామున, మునిమాపు వేళ ఎక్కడా నీళ్లలో ఉండొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఇంకెవరో ఈదుతున్నారని మీరూ దిగకండి.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ్ని ఏ బీచ్‌లకి తీసుకెళ్లొచ్చు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రాధానగర్, నీల్ జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్, పోర్ట్ బ్లెయిర్‌లో కార్బిన్స్ కోవ్. మూడింటికీ వాహనం దగ్గరదాకా వెళ్తుంది. భరత్‌పూర్‌లో అద్దం అడుగు పడవ ఉంటుంది, కూర్చునే పగడాలు చూడొచ్చు. నేచురల్ బ్రిడ్జి వద్దేవద్దు. హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలో నడక దారి ఉన్నా అది బురద. పడవ మీద వెళ్లినా ఎక్కి దిగేటప్పుడు మోకాలి లోతు నీళ్లలో అడుగేయాల్సి రావచ్చు.

ప్రశ్న: మే నెలాఖరులో ప్యాకేజీ సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– టి.ఎం., ఒంగోలు

జవాబు: ఎందుకు సగం ధరో వాళ్లు చెప్పరు కదా. నైరుతి రుతుపవనాలు మన కంటే ముందు అండమాన్‌నే తాకుతాయి. మే మూడోవారం దాటితే గాలి నైరుతి నుంచి కొడుతుంది, రాధానగర్ లాంటి పడమటి బీచ్‌లలో అల పెరుగుతుంది. ఎర్రజెండా ఎగురుతుంటే ఒడ్డునే కూర్చోవాలి. ఆ రోజుల్లో తూర్పు బీచ్‌లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. ఈశాన్య గాలుల కాలంలో దీనికి తిరగబడి, తూర్పున గరుకు, పడమర నెమ్మది. రెండు వైపులా సముద్రం చదునుగా, నీరు తేటగా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా.

అసలు ఇబ్బంది ఫెర్రీలతో. సముద్రం బాగా లేకపోతే హేవ్‌లాక్ పడవలు ఆపేస్తారు. విమానం ఆగదు. ఏ నెలలో వెళ్లినా సరే, తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా వేసుకోండి. ప్యాకేజీవాళ్లు ఆఖరి రాత్రి హేవ్‌లాక్‌లో పెట్టి పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైటు అంటే మార్పించండి.

ప్రశ్న: అక్కడ తెలుగు నడుస్తుందా?
– జి., అనంతపురం

జవాబు: పోర్ట్ బ్లెయిర్‌లో బాగానే నడుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. హేవ్‌లాక్, నీల్‌లలో బెంగాలీ ఎక్కువ, హిందీతో పని జరిగిపోతుంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడితో స్కూబా చేయించొచ్చా? మేం చివరి రోజు పెట్టుకుందామనుకుంటున్నాం.
– డి.ఎస్., హైదరాబాద్

జవాబు: రెండింటికీ కాదనే చెప్పాలి. సముద్రంలో స్కూబాకి (గాలి సిలిండరుతో నీటి అడుగుకి దిగడానికి) పదేళ్లు నిండాలి. బాబుకి లైఫ్ జాకెట్ వేసి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ (నీటి పైన తేలుతూ మాస్కులోంచి కిందికి చూడటం) చేయించండి, వాడికి అదే ఎక్కువ నచ్చొచ్చు. మాస్కు ఆవిరి పట్టకుండా లోపలి అద్దానికి ఒక చుక్క బేబీ షాంపూ రాసి కడగాలి. ఇక తండ్రులకి: మీసం గుబురుగా ఉంటే మాస్కు అంచు అతుక్కోక నీళ్లు కారతాయి. ముక్కు కింద సన్నగా ఒక గీత మేర మీసం గీసేసుకుంటే సరిపోతుంది.

చివరి రోజు స్కూబా వద్దు. నీటి ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైము పడుతుంది, ఆలోపు విమానం ఎక్కితే అది బుడగలు కట్టి కీళ్లని, నరాలని దెబ్బతీస్తుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. జలుబు చేసినవాళ్లు దిగకూడదు, చెవిలో ఒత్తిడి సర్దుకోదు. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే డాక్టరు ఒప్పుకున్నాకే. అక్కడిచ్చే ఫారంలో అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేయకండి.

ప్రశ్న: బీచ్ బ్యాగులో ఏం పెట్టుకోవాలి?
– ఎం.ఎల్., రాజమండ్రి

జవాబు: కొబ్బరి నూనె. ఇసుక ఈగలు కంటికి ఆనవు, కుట్టినప్పుడు తెలియదు, మర్నాటి నుంచి వారం దాకా దురద. పొద్దున్నే, సాయంత్రం తీరానికి కొట్టుకొచ్చిన నాచు దగ్గర ఎక్కువ. కాళ్లకీ చేతులకీ నూనె దట్టంగా పట్టించి, ఇసుక మీద నేరుగా పడుకోకుండా చాప వేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

ఆడవాళ్లకి చీర, చున్నీ నీళ్లలో ప్రమాదం. తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. లెగ్గింగ్స్ మీద పొడవు చేతుల టీ షర్టు వేసుకుంటే ఎండ నుంచి కాపు, సన్‌స్క్రీన్ కూడా తక్కువ పడుతుంది. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పగడాలకి చేటు, జింక్ ఆక్సైడ్‌ది తీసుకోండి.

పగడం కోసుకుంటే మంచినీళ్లతో బాగా రుద్ది కడిగి, పలుకులన్నీ పోయాక యాంటీసెప్టిక్ రాయాలి. పైపైన కడిగి వదిలేస్తే లోపల మిగిలిన నలుసుకి చీము పడుతుంది. జెల్లీ చేప తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోసినా ఇసుకతో రుద్దినా మంట ఎక్కువవుతుంది. సముద్ర జీవుల ముల్లు (సీ అర్చిన్‌ది లాంటిది) గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకి పైగా కాలు ఉంచి, ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చేటప్పుడు బ్యాగులో గవ్వలు, పగడపు ముక్కలు వద్దు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడమైనా వన్యప్రాణి చట్టం కిందకే వస్తుంది. ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కాన్ చేసినప్పుడు అది స్పష్టంగా కనబడుతుంది.