రంగు కాదు, గీతలు చూడాలి

ప్రశ్న: గెలాక్సీ కాంతి ఎరుపు వైపు జరిగింది కాబట్టి అది మన నుంచి దూరమవుతోంది అంటారు. ఆ గెలాక్సీ అసలే ఎర్రగా ఉందేమో! దాని అసలు రంగు చూసిందెవరు?

జవాబు: చాలా మంచి అనుమానం. రంగొక్కటే చూసి చెప్పేదైతే మీరన్నది నిజమే, ఎందుకంటే చల్లటి నక్షత్రాలు ఎలాగూ ఎర్రగానే ఉంటాయి, దారిలో ధూళి అడ్డొచ్చినా కాంతి ఎర్రబడుతుంది. అందుకే ఖగోళ శాస్త్రవేత్తలు రంగును నమ్ముకోరు. కాంతిని వర్ణపటంగా, అంటే రంగుల పట్టీగా విడగొట్టి అందులో మూలకాల వల్ల పడే సన్నటి గీతల్ని కొలుస్తారు. ఏ మూలకం గీతలు దానివే. హైడ్రోజన్‌ని ల్యాబ్‌లో చూస్తే 656.3, 486.1, 434.0 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర గీతలుంటాయి. ఒక గెలాక్సీలో ఇవే 721.9, 534.7, 477.4 దగ్గర కనిపించాయనుకోండి. ఎంతెంత జరిగాయో తీసివేసి చూస్తే మూడూ వేర్వేరు, కానీ భాగించి చూడండి, మూడు చోట్లా 1.1 వస్తుంది. అంటే ఇవి హైడ్రోజన్ గీతలే, అన్నీ ఒకే నిష్పత్తిలో ఎరుపు వైపు జరిగాయన్నమాట. ధూళి ఈ పని చేయలేదు, అది నీలం కాంతిని తగ్గిస్తుందే తప్ప గీతని ఉన్నచోటు నుంచి కదపదు. ఒక్క గీతే దొరికితే మాత్రం అది ఏ మూలకానిదో తేల్చడం కష్టం, అందుకే రెండోది కూడా దొరికేదాకా గట్టిగా చెప్పడానికి వెనకాడతారు, అది సరైన పద్ధతి కూడా.

ఇంకో మాట. అన్నీ ఎరుపు వైపే జరగవు. 1912లో ఖగోళ శాస్త్రవేత్త వెస్టో స్లైఫర్ మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా కాంతిని కొలిస్తే గీతలు నీలం వైపు జరిగి ఉన్నాయి, అంటే అది సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోంది. బాగా దూరపు గెలాక్సీల విషయంలో మాత్రం కాంతి ప్రయాణిస్తున్నంతసేపూ అంతరిక్షమే సాగుతూ ఉండటం వల్ల గీతలు ఎరుపు వైపు జరుగుతాయి.

ప్రశ్న: సూర్యుడి వర్ణపటంలో కాల్షియం గీతలు బాగా ముదురుగా ఉంటాయని చదివాను. అంటే అక్కడ కాల్షియమే ఎక్కువా?

జవాబు: కాదు. వందేళ్ల కిందట పెద్ద పెద్ద వాళ్లు కూడా సూర్యుడిలో ఉన్నవి ఇంచుమించు భూమి మీద ఉన్న పాళ్లలోనే ఉంటాయనుకున్నారు. 1920లో మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా, వేడిని బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎంతమేరకు పోగొట్టుకుంటాయో లెక్కగట్టే సమీకరణం ఇచ్చారు. దాన్ని వాడి 1925లో ఖగోళ శాస్త్ర పరిశోధకురాలు సిసిలియా పేన్ తన థీసిస్‌లో నక్షత్రాల్లో అన్నిటికంటే ఎక్కువున్నది హైడ్రోజనే అని తేల్చింది. అప్పటి పేరున్న ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ నారిస్ రస్సెల్ అది అసాధ్యం అనడంతో, ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె థీసిస్‌లోనే రాయాల్సి వచ్చింది. 1929లో అదే రస్సెల్ వేరే దారిలో అక్కడికే చేరాడు. ఆమె లెక్క తప్పు కాదు, నాకైతే ఇప్పటికీ బాధేస్తుంది.

మరి కాల్షియం ఎందుకంత ముదురు? సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. మన కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలు రావాలంటే పరమాణువులోని ఎలక్ట్రాన్ ముందే రెండో శక్తి మెట్టు మీద ఉండాలి, ఆ వేడిలో అలా ఉండేవి కోట్లలో ఏ కొన్నో. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియానికి ఆ ఇబ్బంది లేదు, అట్టడుగు మెట్టు నుంచే కాంతిని పీల్చుకుంటుంది. అందుకే కొద్దిగా ఉన్నా గీత బలంగా పడుతుంది. దాదాపు పదివేల డిగ్రీలుండే వేగా లాంటి నక్షత్రాల్లో చూడండి, అక్కడ హైడ్రోజన్ గీతలదే రాజ్యం.