ప్లకార్డు పట్టుకుంటే పీహెచ్‌డీ పాడవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది కానీ ఐదు నెలలుగా డబ్బు పడలేదట. పోయిన నెల తోటి స్కాలర్లతో కలిసి ప్లకార్డు పట్టుకుని నిలబడింది. ఆ ఫొటో మా తమ్ముడి ఫోనుకు వచ్చింది. సైన్సుకు ప్రభుత్వం ఎక్కువ డబ్బు కేటాయించాలని సంతకాలు కూడా సేకరిస్తోందట. రేపు సర్కారు ఉద్యోగానికి అడ్డొస్తుందేమో, సంబంధాలు చూసేవాళ్లు ఏమనుకుంటారో అని మాకు నిద్ర పట్టడం లేదు. చదువు మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. మా అబ్బాయిని అప్పు చేసి అమెరికాలో ఎంఎస్ చదివించాం. పీహెచ్‌డీ, డేటా సైన్స్‌లలో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నంద్యాల జిల్లా (కేసీ కెనాల్ కింద వ్యవసాయం)

జవాబు: పోల్చి చెబుతాను. దానికన్నా ముందు మీ నిద్ర సంగతి చూద్దాం.

ఫెలోషిప్ తీసుకునే స్కాలర్ ప్రభుత్వోద్యోగి కాదు. ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఉద్యోగంలో చేరినవాళ్లకు. సర్కారు కొలువులో చేరేటప్పుడు నింపే ఫారంలో అడిగేది అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా అని. ప్లకార్డు పట్టుకున్నారా అని కాదు. కాబట్టి అమ్మాయికి చెప్పాల్సిన జాగ్రత్తలు రెండే. క్యాంపస్‌లో అయితే సంస్థ నిబంధనలు ఒకసారి చదువుకోవాలి, బయట అయితే పోలీసు అనుమతి ఉన్న చోటే నిలబడాలి. ఆ రెండూ పాటించిన పిల్లలకు ఇలాంటి ఫొటో వల్ల ఉద్యోగం పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఫొటో గురించి మొదలుపెడతారు. లోపలున్న ప్రశ్న వేరు: ‘ప్రభుత్వం డబ్బు మీద ఆధారపడిన ఈ చదువు మా బిడ్డకు అన్నం పెడుతుందా?’ అని. అది న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు మీరు భయపడుతున్న ఆ ప్లకార్డులోనే చాలావరకు ఉంది.

జేఆర్‌ఎఫ్ 2014లో 16 వేల నుంచి 25 వేలకు పెరిగింది. 2019లో 31 వేలైంది. 2023 జనవరి నుంచి 37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (దాని తర్వాతి దశ ఫెలోషిప్) అయితే 42 వేలు, ఇంటద్దె భత్యం వేరే. ఉద్యోగులకు డీఏ పెరిగినట్టు ఇది ధరలతో పాటు తనంతట తాను పెరగదు. ప్రతిసారీ ఎవరో అడగాలి. 2018లో దేశమంతటా స్కాలర్లు వినతిపత్రాలు ఇచ్చారు, ఊరేగారు, 80 శాతం పెంచమన్నారు. వచ్చింది 24 శాతం. అడిగినంత రాలేదు నిజమే. అడక్కపోతే అదైనా వచ్చేదా? మీ అమ్మాయికి మంజూరైన 37 వేల వెనక, తనకన్నా ముందు ప్లకార్డు పట్టుకున్న అక్కలూ అన్నలూ ఉన్నారు.

ఇంకొకటి చెబుతాను, ఇది నేరుగా కెమిస్ట్రీ వాళ్లది. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి చేసుకునే ల్యాబ్ రసాయనాల మీద కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150 శాతం చేశారు. ల్యాబ్ పేరు చెప్పి వేరే అవసరాలకు తెప్పించుకునేవాళ్లను ఆపడానికట. కానీ దెబ్బ తగిలేది నిజమైన ల్యాబ్‌లకు. పరిశోధకులు గగ్గోలు పెట్టారు, సంస్థల నుంచి అభ్యంతరాలు వెళ్లాయి. కొద్ది రోజుల్లోనే, ఆగస్టు మొదట్లో, షరతులతో మళ్లీ 10 శాతానికి తెచ్చారు. ఆ వారం అందరూ ‘మనకెందుకులే’ అని కూర్చుని ఉంటే, ఇవాళ మీ అమ్మాయి వాడే సీసాల ఖరీదు ఎక్కడుండేదో ఆలోచించండి.

సంతకాల విషయమూ అంతే. అది నిన్నగాక మొన్న పుట్టిన గొడవ కాదు. 2017 ఆగస్టు 9న హైదరాబాద్‌తో సహా దేశంలోని ఎన్నో నగరాల్లో శాస్త్రవేత్తలు, టీచర్లు, విద్యార్థులు ‘ఇండియా మార్చ్ ఫర్ సైన్స్’ పేరుతో నడిచారు. జీడీపీలో 3 శాతం పరిశోధనకు, 10 శాతం విద్యకు ఇవ్వండన్నారు. 2020–21 లెక్క ప్రకారం పరిశోధన మీద దేశం మొత్తం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా పెడుతున్నది 5 శాతానికి దగ్గర. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని కట్టి నిలబెట్టిన పుష్ప భార్గవ గారు ఆ మార్చ్‌కు ఎనిమిది రోజుల ముందు, ఆగస్టు 1న కన్నుమూశారు. జీవితమంతా ల్యాబ్‌లో పనిచేస్తూనే, సైన్సు తరఫున ప్రభుత్వాలతో వాదించిన మనిషి. ఆయన ఆ రెండు పనులనూ వేరు చేసి చూడలేదు.

ఇక్కడ మీతో కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. కేసీ కెనాల్‌కు నీళ్లు వదలనప్పుడు మీ ఆయకట్టు రైతులు ఇంట్లో కూర్చోరు కదా? అధికారుల దగ్గరికి వెళతారు, రోడ్డెక్కుతారు. దాన్ని ఎవరూ పరువు తక్కువ అనుకోరు, నీళ్లడగడం సేద్యంలో భాగమే అనుకుంటారు. అదే పని మీ కూతురు చేస్తే ‘సంబంధాలు చూసేవాళ్లు’ గుర్తొచ్చారా? కొడుకు చదువుకు అప్పు చేశారు. కూతురు మీ దగ్గర పైసా అడక్కుండా ఫెలోషిప్ తెచ్చుకుంది. అది ఐదు నెలలు ఆగితే, ‘ఎలా తింటున్నావమ్మా, హాస్టల్ బకాయి ఎంతుంది?’ అని అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మాన్పించాలన్న మాట మాత్రం ఉంది. ఇది నాకు బాధ కలిగించింది.

ఇక డేటా సైన్స్. ఈ మాట వింటేనే తల్లిదండ్రులకు ధైర్యం వస్తోంది, నాకు రావడం లేదు. ఆరు నెలల కోర్సు, చివర్లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. అసిస్టెన్స్ అంటే ఉద్యోగం ఇస్తామని కాదు, రెజ్యూమె దిద్ది పంపుతామని. అమీర్‌పేటలో ఇదే బోర్డు మీద గత పాతికేళ్లలో ఎన్ని పేర్లు మారాయో అక్కడ నడిచిన వాళ్లందరికీ తెలుసు. కోర్సులో నేర్పే టూల్స్ రెండేళ్లలో పాతబడతాయి. ప్రాథమిక స్థాయి కోడింగ్, రిపోర్టుల పని ఇప్పటికే ఏఐ చేతిలోకి పోతోంది. కంపెనీలకు కావాల్సింది ఏదో ఒక రంగం లోతుగా తెలిసి, దాని మీద గణాంకాలు వాడగలిగినవాళ్లు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తూ పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకున్న అమ్మాయిని ఫార్మా కంపెనీ పిలిచి మాట్లాడుతుంది. కెమిస్ట్రీ సగంలో వదిలేసి ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకొచ్చిన అమ్మాయి ఆ గుంపులో ఒకతె అవుతుంది. డేటా సైన్స్ నేర్చుకోవద్దని కాదు. ఉన్నది వదిలి దాని వెంట పడొద్దంటున్నాను.

‘అయితే అమెరికా పంపుదాం’ అని మీ అబ్బాయి అనవచ్చు. అక్కడ కూడా సైన్సుకు ప్రభుత్వమే పెద్ద దిక్కు. 2025లో ఆ దిక్కే కదిలింది. పరిశోధనలకు నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌ను సగానికి పైగా తగ్గించాలని అక్కడి ప్రభుత్వమే ప్రతిపాదించింది. గ్రాంట్లు ఆగాయి. ఆ ఏడాది మార్చి 7న శాస్త్రవేత్తలు అక్కడి నగరాల్లో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. బ్రిటన్‌లో 1986లోనే సుమారు 1500 మంది శాస్త్రవేత్తలు తలా కొంత వేసుకుని, తమ సైన్సును కాపాడండంటూ పత్రికలో ప్రకటన ఇచ్చారు. అడగాల్సిన అవసరం లేని దేశం ఏదీ లేదండీ.

పీహెచ్‌డీలో కష్టం లేదని చెప్పను. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి ఐదేళ్లు, పని అంతలో పూర్తి కాకపోవచ్చు. అధ్యాపక పోస్టుల నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు. పరిశోధనకు కొత్తగా ప్రకటించిన నిధుల్లోనూ, 2025లో ఆమోదించిన లక్ష కోట్ల పథకం ఎక్కువగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకి, లేదా వడ్డీ లేకుండా ఇచ్చే అప్పులకోసం. అది స్కాలర్ ఖాతాలో నెలనెలా పడే డబ్బు కాదు. అందుకే ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే గురిగా పెట్టుకోవద్దని నా దగ్గరికొచ్చే ప్రతి స్కాలర్‌కూ చెబుతాను. జీనోమ్ వ్యాలీ, ఫార్మా పరిశోధన విభాగాలు, పేటెంట్ సంస్థలు, ప్రభుత్వ ల్యాబ్‌లు, ఇవన్నీ కెమిస్ట్రీ వాళ్లకు నిజమైన దారులే. రెండో ఏట నుంచే అటు ఒక కన్నేసి ఉంచాలి.

ఆగిన డబ్బు సంగతి. యూజీసీ ఫెలోషిప్ అయితే సంస్థ ప్రతి నెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. అది జరిగిందో లేదో ముందు ఆఫీసులో కనుక్కోమనండి. చాలాసార్లు ఫైలు ఢిల్లీలో కాదు, అదే భవనంలో ఆగి ఉంటుంది. అక్కడ తేలకపోతే కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ ఉంది, పది రూపాయల ఆర్‌టీఐ ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ ఎంపీకి ఒక ఉత్తరం మీరే రాయొచ్చు. పార్లమెంటులో ఫెలోషిప్ ఆలస్యాల మీద ప్రశ్న వేయడానికి ఒక తండ్రి ఉత్తరం కూడా పనికొస్తుంది. సంతకాల కాగితం మీద మీ పేరు కూడా రాయొచ్చు, అది స్కాలర్లకే పరిమితం కాదు.

ఈ ఆదివారం హైదరాబాద్ బస్సెక్కండి. ఫొటో ఊసెత్తకండి. ఎంత అప్పు చేసిందో అడిగి తీర్చండి. గైడ్‌తో ఎలా ఉందో, పని ముందుకు సాగుతోందో లేదో అడగండి. ల్యాబ్ చూపించమనండి. ఇంతా అయ్యాక, మీరు కాదు, ఆ అమ్మాయే మానేస్తానంటే అప్పుడు తననే నాకు రాయమనండి. డేటా సైన్స్ లెక్కలు జీతాలతో సహా వివరంగా మాట్లాడుకుందాం.