ఇల్లు కొనే ముందే రేడాన్ చూపించుకో, తమ్ముడూ

తమ్ముడూ, అమెరికాకొచ్చి కొలంబస్‌లో ఇల్లు కొంటున్నావు, ఇన్‌స్పెక్షన్‌కు తోడు, నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ గ్యాస్ టెస్టుకు వేరేగా 150 డాలర్లు అడుగుతున్నారు, అది అవసరమా అన్నావు. కచ్చితంగా చేయించు. డబ్బు మిగలాలనే చెప్తున్నా.

నేను ఇల్లు కొన్నప్పుడు అది వద్దని సంతకం పెట్టాను. డౌన్ పేమెంటు, ఇల్లు చేతికొచ్చేటప్పుడు కట్టే క్లోజింగ్ ఖర్చులు, పైగా కాజీపేటలో కట్టే ఇంటికి నెలనెలా పంపాల్సిన డబ్బు. ఎక్కడ తగ్గించుకోవచ్చా అని చూస్తుంటే ఈ టెస్టు కనబడింది. హనుమకొండలో పుట్టి పెరిగినవాడిని, రేడాన్ అన్న మాటే వినలేదు. తర్వాత అమ్మానాన్న వస్తున్నారని బేస్‌మెంట్‌లో గది సిద్ధం చేస్తూ కిట్ తెచ్చి పెడితే లీటరు గాలికి 9 పికోక్యూరీలు దాటింది, రేడియోధార్మికతను కొలిచే లెక్క అది. 4 వచ్చినా బాగుచేయించాలి. కాంక్రీటు కింద పైపు దించి, ఫ్యానుతో ఆ గాలిని కప్పు పైకి పంపే ఏర్పాటుకు 1,400 డాలర్లు నా జేబులోంచే పెట్టాను. కొనకముందే తెలిసుంటే అమ్మేవాళ్లనే కట్టమని అడిగేవాణ్ణి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో 2 కన్నా తక్కువే. నన్ను అడిగి ఇల్లు కొన్న మన వరంగల్ వాళ్లెవరూ టెస్టు లేకుండా కొనలేదు.

మట్టిలో, రాళ్లలో ఉండే కాస్త యురేనియం విచ్ఛిన్నమవుతుంటే పుట్టే గ్యాస్ ఇది. రంగు లేదు, వాసన లేదు. మన ఊళ్లోనూ అంతా గ్రానైట్ గుట్టలే, కానీ అక్కడ పొద్దున తీసిన తలుపులు రాత్రికి గానీ వేయం. ఇక్కడ చలికాలమంతా ఇల్లు మూసే ఉంటుంది. వేడిగాలి పైకి పోతుంటే, నేల పగుళ్లలోంచీ, బేస్‌మెంట్‌లో ఊట నీరు చేరే సంప్ గుంటలోంచీ మట్టిలోని గాలిని ఇల్లు లోపలికి లాక్కుంటుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్ తర్వాత పెద్ద కారణం ఇదే.

కొత్తగా వచ్చినవాళ్లకు కిచెన్‌లో గ్రానైట్ కౌంటర్ చూడగానే కళ్లు చెదురుతాయి, బేస్‌మెంట్‌లోకి దిగి చూసే ఓపిక ఉండదు. నువ్వలా చేయకు.

ఇల్లు కొన్నాక నువ్వే కిట్ పెట్టుకోవాలన్నా కష్టమేం కాదు. బొగ్గు నింపిన చిన్న డబ్బా, హార్డ్‌వేర్ షాపులో 20, 30 డాలర్లకు దొరుకుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఉచితంగా ఇస్తారు, మీ ఆరోగ్య శాఖ సైట్‌లో చూసుకో. పెట్టడానికి 12 గంటల ముందు నుంచి టెస్టు అయ్యేదాకా కిటికీలు మూసి ఉంచాలి. రాకపోకలకు తలుపు తీయొచ్చు, హీటర్, ఏసీ మామూలుగానే నడవనీ. మనుషులు ఉండే గదుల్లో అన్నిటికన్నా కింద ఉన్నదాంట్లో, నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తులో పెట్టు. వంటింట్లో, బాత్రూంలో వద్దు. గడువు కాగానే మూతేసి అదే రోజు ల్యాబుకు పోస్టు చెయ్యి. రేడాన్ నాలుగు రోజుల్లోపే సగమైపోతుంది, ప్యాకెట్ కారులో మరిచిపోతే పెట్టిన డబ్బు దండగే.

రేడాన్ ఫ్యాను ఇదివరకే ఉన్న ఇల్లయినా టెస్టు మానొద్దు, అది పనిచేస్తోందో లేదో అప్పుడే తెలుస్తుంది.

అగ్రిమెంట్‌లో ఇన్‌స్పెక్షన్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూడు. టెస్టుకే కనీసం రెండు రోజులు పడుతుంది. రిపోర్టు గడువులోపు వస్తేనే అమ్మేవాళ్లను ఫ్యాను పెట్టించమనో, ధర తగ్గించమనో అడగగలవు.