రికార్డర్ కొనబోయే మేనకోడలికి

అమ్మడూ,

మన విశాఖలో జాలర్లుండే పెదజాలారిపేటలో పెద్దవాళ్ళ పాటలూ వేట కబుర్లూ రికార్డు చేద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఏ రికార్డర్ కొనాలో మావయ్యని అడుగుతానన్నావట. ఒక మోడల్ పేరు రాసి పంపేస్తే నాకూ సులువే. కానీ నువ్వు కూర్చోబోయేది సముద్రం ఒడ్డున. అక్కడ మనిషి గొంతుకంటే ముందు గాలి దూరుతుంది మైకులోకి. అందుకని గాలితోనే మొదలెడతాను.

గాలి నేరుగా మైకుకి కొడితే గుడగుడమని మోత పడుతుంది. ఒకసారి పడ్డాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీసెయ్యలేదు. కాబట్టి నువ్వు చూసే మోడల్‌కి స్పాంజి తొడుగు, వీలైతే బొచ్చు తొడుగు కూడా దొరుకుతాయో లేదో ముందే అడుగు. మెనూలో 'లో కట్', అంటే బొంగురు మోతల్ని తగ్గించే మీట, ఉండాలి. ఫ్యాను హోరు, దూరంగా పోయే లారీ మోత లాంటివి దానితో కొంత తగ్గుతాయి. గాలి మోతకి మాత్రం అదొక్కటే చాలదు. మన ఊళ్ళో మధ్యాహ్నానికి సముద్రపు గాలి జోరందుకుంటుంది, ఆ సంగతి నీకు తెలిసిందే. పొద్దున్నే వెళ్ళి, వాళ్ళని ఏ గోడ చాటునో కూర్చోబెట్టు.

షాపుకి వెళ్తే పెట్టె మీద 'ఇన్ని వందల గంటలు' అని రాసి ఉంటుంది. అది నాణ్యత బాగా తగ్గించి వేసిన లెక్క. నాణ్యత తగ్గించకుండా దాచే వేవ్ ఫైలు, సీడీ స్థాయిలో అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోలో, గంటకి సుమారు 635 ఎంబీ తింటుంది. అంటే 32 జీబీ కార్డులో దాదాపు 50 గంటలు. కుదించి దాచే ఎంపీ3ని 128 కేబీపీఎస్‌లో పెడితే గంటకి 58 ఎంబీ లోపే. పాటలకి వేవ్, కబుర్లకి ఎంపీ3 అని కొందరు చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, కబుర్ల మధ్యలోనే కదా వాళ్ళు పాట ఎత్తుకునేది! అప్పుడు మెనూలో వెతుక్కుంటూ కూర్చుంటావా? అన్నీ వేవ్‌లోనే పెట్టెయ్. కార్డు మాత్రం నమ్మకమైన చోట, బిల్లుతో కొను. చవగ్గా వచ్చే పెద్ద సైజు కార్డుల్లో నకిలీలు ఎక్కువ.

నేనైతే అన్నిటికంటే ముందు చూసేది లెవెల్, అంటే మైకు శబ్దాన్ని ఎంత గట్టిగా తీసుకోవాలో పెట్టుకునేది. దాన్ని చేత్తో పెట్టుకునే వీలు లేని రికార్డర్‌ని పాటలకి కొనొద్దు. ఒక ముసలమ్మ మెల్లగా చెప్తూ ఉంటుంది. పక్కనున్న తాత ఒక్కసారిగా 'హైలెస్సా' అని అందుకుంటాడు. ఆటో లెవెల్ ఉంటే యంత్రం ఉలిక్కిపడి అంతా దించేస్తుంది, తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ వస్తుంది. ఆ పెంచడంలో వెనకున్న సముద్రపు హోరు కూడా పైకి లేస్తుంది. ముసలమ్మ తర్వాత చెప్పిన రెండు ముక్కలూ అందులో మునిగిపోతాయి. అలా కాకుండా, మొదలుపెట్టే ముందు తాతని గొంతెత్తి ఒక చరణం పాడమను. తెర మీద శబ్దం ఎంతో చూపించే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకో. సున్నాని తాకితే రికార్డింగులో గొంతు పగిలినట్టు పడుతుంది, ఇక దానికి మందు లేదు. ఇప్పుడు 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేసేవి వస్తున్నాయి, లెవెల్ ఎక్కువైనా తర్వాత దించుకోవచ్చు కాబట్టి వాటితో ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. ఫైలు మాత్రం 16 బిట్‌కి రెట్టింపు అవుతుంది. చేతిలో డబ్బుంటే తీసుకో.

హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం తప్పనిసరి. తెర మీద గీతలు ఆడుతున్నంత మాత్రాన గొంతు పడుతున్నట్టు కాదు, అది ఫ్యాను కూడా కావచ్చు. ఇక బ్యాటరీ. లోపలే బిగించినవి సన్నగా, ముద్దుగా ఉంటాయి. కానీ మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఆ రోజు పని అక్కడితో సరి. పెన్సిల్ సెల్స్ అయితే పేటలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. వాడనప్పుడు సెల్స్ తీసి ఉంచు, లేకపోతే అవి కారి లోపలి రేకులు తుప్పు పడతాయి.

పేర్లు కావాలన్నావు కాబట్టి చెప్తున్నా. సోనీ పీఎక్స్470 మీటింగులకి, క్లాసులకి సరిపోతుంది. పాటలకి జూమ్ హెచ్1ఎన్ గానీ టాస్కామ్ డీఆర్-05ఎక్స్ గానీ చూడు. జూమ్‌కి ముఖం మీదే లెవెల్ తిప్పే చక్రం ఉంటుంది, నాకు అది నచ్చుతుంది. వీటి తర్వాత వచ్చినవి దొరికినా మంచిదే.

డాబాగార్డెన్స్ షాపులో చూసేటప్పుడు రికార్డర్‌ని కౌంటర్ మీద పెట్టించి, మూరెడు దూరం నుంచి గుసగుసగా మాట్లాడు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని, మాటలు ఆగిన చోట విను. అక్కడ 'స్స్స్' అని ఎక్కువగా వినిపిస్తే ఆ రికార్డర్ వద్దను. నీ ఫోన్‌కి కొన్న కాలర్ మైకు దీనికి పనికొస్తుందనుకుంటున్నావేమో. దాని పిన్ మీద మూడు నల్లగీతలుంటే అది ఫోన్ తరహా, రికార్డర్‌లో సరిగ్గా పలకకపోవచ్చు. రెండు గీతలది అడుగు.

కొన్న రోజే తేదీ, టైమ్ సరిచెయ్యి. లేకపోతే ఏ పాట ఎప్పటిదో నీకే తెలియదు. పేటలో కూర్చున్నప్పుడు రికార్డర్ కింద మడత పెట్టిన తువ్వాలు వెయ్యి. మంచం మీద ఎవరు చెయ్యి ఆనించినా దబ్బుమని చప్పుడు రికార్డవుతుంది. గాజుల చప్పుడుకి మాత్రం నేనేమీ చెప్పను, ఆవిడ గాజులు తీయమనకు, ఉండనీ. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, సరేనన్న మాట కూడా అందులోనే పడేలా చూసుకో. 'వాయిస్ వస్తేనే రికార్డు' అనే సౌకర్యం ఆపేసి ఉంచు, కాసేపు ఆగి మళ్ళీ మాట్లాడినప్పుడల్లా అది మొదటి అక్షరాన్ని మింగేస్తుంది.

ఇంటికి రాగానే ఫైళ్ళు రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చెయ్యి. షాపుకి వెళ్ళే ముందు ఇటు వచ్చి నా హెడ్‌ఫోన్ పట్టుకెళ్ళు, షాపు వాళ్ళు ఇచ్చే ఇయర్‌ఫోన్‌లో ఆ 'స్స్స్' వినపడదు.

మీ మావయ్య